రేవుకొచ్చిన రేకు

రాత్రి కాపలా నాది.
స్టేషన్ డైరీలో ఇలా రాశాను:
బందరువానిపేట ఒడ్డున, వలకు తగిలి,
గుర్తు తెలియని వస్తువు ఒకటి.
పొడవు రెండు బారలు. రంగు తెలుపు.
ప్రమాదం: తెలియదు.

పగలంతా జనం.
విమానం రెక్కన్నారు, బాంబన్నారు,
ఐసు ఫ్యాక్టరీ కప్పు ఎగిరొచ్చిందన్నాడొకడు.
ఎవరో కొబ్బరికాయ కొట్టబోతే నేనే ఆపాను,
భక్తి లేక కాదు, ఎస్సై గారంటే భయంతో.

చీకటి పడ్డాక వచ్చాడు గనగళ్ళ కొర్లయ్య.
మేకు లేకుండా, కొబ్బరి తాడుతో
పడవ కుట్టిన ఆఖరి చేతుల్లో ఒక జత ఆయనది.
మేకు కొడితే అల విరుస్తుంది,
కుట్టితే అలతోపాటు వొంగుతుంది, అనేవాడు.
ఇప్పుడు ఫైబర్ బోట్ల చిల్లులకు అతుకులేస్తాడు.

"ముట్టుకోవద్దు తాతా."
"ముట్టను బాబూ, సూత్తాను."
ఆయన చూసేది వేళ్ళతోనని
నాకు ఆలస్యంగా తెలిసింది.

టార్చి నాచేత పట్టించాడు.
విరిగిన అంచు దగ్గర గొంతుక్కూచుని
పెచ్చు కింద చూపించాడు:
రెండు పల్చటి రేకులు, మధ్యన తేనెపట్టు.
ఆరు మూలల గదులు,
ఒక్క గదిలోనూ ఏమీ లేదు.
"బలమంతా ఈ కాళీలోనే ఉంది.
గట్టి ఇనపదైతే ములిగిపోయుండును.
ఇది తేలింది, మనకాడికొచ్చింది."

రెండో అంచు నున్నగా ఉంది.
రివెట్ల మధ్య దూరం బెత్తెతో కొలుచుకుంటూ పోయి
ఒకచోట ఆగాడు.
కెరటం ఒకటి వచ్చి మా కాళ్ళు తడిపి పోయింది.
"ఇక్కడ ఇరగలేదు బాబూ. ఇడిపోనాది.
కావాలనే ఇడిపోయేటట్టు సేసినారు."

మర్నాడు మధ్యాహ్నం దక్షిణాది నుంచి జీపు.
జుట్టు నిండా దుమ్ముతో వసుంధర అనే ఇంజనీరు,
లోపలి నంబరు తుడిచి చూసుకుని
తప్పిపోయిన మేక దొరికినట్టు నవ్వింది.

ఆమె చెప్పినదాంట్లో నాకు అందినంత ఇదీ:
రాకెట్ తలమీద తొడుగు ఇది, సగం ముక్క.
లోపల ముడుచుకు కూచున్న నౌకకు
గాలి తగలకూడదు, రాపిడి సెగ తగలకూడదు,
తయారుచేసేప్పుడు మనిషి చేతి చెమటైనా తగలకూడదు.
గాలి పల్చబడే దాకా, మహా అయితే నాలుగు నిమిషాలు.
ఆ తర్వాత రెండు చెక్కలై తప్పుకోవాలి.
తప్పుకోకపోతే బరువు,
నౌక ఎక్కడికీ చేరదు.
"పట్టి ఉంచడం సులువే.
సరిగ్గా వదలడాన్నే ఎక్కువసార్లు పరీక్షించాం."

"అమ్మా, దీని పేరేటి?"
"పేరు లేదు తాతా, నంబరే."
"లోనున్నదానికి?"
దానికుంది. చెప్పింది.
చందమామ చుట్టూ తిరుగుతోందట ఇప్పుడు,
గుంటల్లో నీడల లోతు కొలుస్తూ.
కొర్లయ్య ఆ పేరు రెండుసార్లు పలికాడు,
రెండోసారీ తప్పే.

మా పేటలో పేరులేని పడవ నీళ్ళలోకి దిగదు.
వేరావల్‌లో ఎవరి బోటో నడిపే కుర్రాళ్ళు కూడా
ఫోనెత్తగానే ముందు బోటు పేరు చెబుతారు,
తర్వాతే వాళ్ళ ఒంట్లో ఎలా ఉందో.

లారీకి తాళ్ళు కడుతుంటే
నీలిరంగు డబ్బా, కుచ్చు రాలిన బ్రష్షు పట్టుకొచ్చాడు.
తనకు అక్షరం రాదు. నాకందించాడు.
ప్రభుత్వ ఆస్తి తాతా, అన్నాను.
ఇంజనీరు మాకు వీపు తిప్పి
వంశధార ఎటు కలుస్తుందని డ్రైవర్ని అడుగుతోంది,
ఎదురుగా కలుస్తూనే ఉంది.

"పొలిమేర దాకా పోయి
దిగబెట్టి వొచ్చింది కదా,
సాగనంపి అని రాయి."

లోపలివైపు, నంబరు కింద,
నాలుగక్షరాలు రాశాను. సున్న కొంచెం జారింది.

లారీ కదిలాక ఆయన దాని వెనక
రోడ్డు మలుపు దాకా నడిచి
నిలబడ్డాడు.

డైరీలో చివరి వరస:
వస్తువును అప్పగించడమైనది.
మార్పులు: లేవు.
ఎవరైనా అడిగితే
ఆ నీలిరంగు సముద్రంలోంచే వచ్చిందని చెప్పాలి.